గోదావరి డెల్టా చెరువుల మ్యాపు: మెమరీ చాలని స్క్రిప్టు డైరీ

సంక్రాంతి వెళ్లాక

పని ఇదీ. పశ్చిమ డెల్టాలో వరి చేలు ఏవి, చేపల చెరువులూ రొయ్యల చెరువులూ ఏవి అన్నది మండలాల వారీగా, ఏడాదికో మ్యాపుగా తీయాలి. ముందు భీమవరం, కాళ్ల, ఆకివీడు, ఉండి, నరసాపురం, మొగల్తూరు. అవి కుదిరితే మొత్తం డెల్టా.

ఎందుకంటే, చుట్టూ చెరువులు తవ్వేశాక మధ్యలో మిగిలిన వరి చేను పరిస్థితి మా వైపు అందరికీ తెలుసు. పంట బోదె మూసుకుపోతుంది, మురుగు దిగదు, నేల ఉప్పు ఊరుతుంది. ఆ రైతు వెళ్లి చెప్పుకుంటే ముందు అడిగేది "ఎక్కడ, ఎంత, ఎప్పటి నుంచి" అని. ఆ మూడింటికీ జవాబు చెప్పే కాగితం ఆయన చేతిలో ఉండాలి. సర్వే చేయించుకునే స్తోమత ఒక్కో రైతుకి ఉండదు. శాటిలైట్ ఫోటోలు మాత్రం ఎవరికైనా ఉచితం.

పని చేసేది గూగుల్ ఎర్త్ ఇంజిన్ మీద. ఫోటోలన్నీ వాళ్ల సర్వర్లలోనే ఉంటాయి. మనం స్క్రిప్టు రాసి పంపిస్తే లెక్క అక్కడే జరిగి జవాబు మనకి వస్తుంది. ఫోటోలు యూరప్ వాళ్ల సెంటినెల్-2 తీసినవి. మొదటి ఉపగ్రహం 2015లో, రెండోది 2017లో పైకి వెళ్లాయి. ఒకేసారి రెండు ఉపగ్రహాలు పనిచేస్తూ ప్రతి 5 రోజులకీ మన నేల మీదుగా వెళ్తాయి. కొన్ని బ్యాండుల్లో (ఒక్కో రకం వెలుగుకి ఒక్కో పొర) ఒక్కో పిక్సెల్ 10 మీటర్లు, కొన్నింటిలో 20.

మొదటి స్క్రిప్టు పుస్తకాల్లో చెప్పే పద్ధతిలోనే రాశాను. ఏడాది ఫోటోలన్నీ తీసుకోవడం, మబ్బులు తీసేయడం, అన్ని బ్యాండులకీ మీడియన్, అంటే నడిమి విలువ, కట్టడం, దాని మీద నీళ్లు ఏవో నేల ఏదో తేల్చడం, చివర్న మండలానికి ఎన్ని ఎకరాలో కూడడం. ఒక ఊరి మీద నడిపితే గుక్క తిప్పుకునేలోపు జవాబు వచ్చింది. ఆరు మండలాలూ ఇస్తే ఎర్ర అక్షరాల్లో ఒకే లైను: యూజర్ మెమరీ లిమిట్ ఎక్సీడెడ్.

ఆ తర్వాతి వారం

నాతో ఈ పనిలో ఉన్న తమ్ముడు పాలకొల్లు నుంచి వస్తాడు, ఇంజనీరింగ్ చివరి ఏడాది. "అన్నా, ల్యాప్‌టాప్‌కి ర్యామ్ పెంచితే సరిపోతుందా?" అన్నాడు. చాలామందికి వచ్చే అనుమానమే ఇది, అందుకే వివరంగా రాసి పెడుతున్నాను. ఇక్కడ నిండిపోయింది మన మెషీన్ మెమరీ కాదు. అక్కడి సర్వర్లు వేలమందికి ఒకేసారి పనిచేస్తాయి, అందుకే ఒక్కొక్కరి లెక్కకీ ఇంత అని హద్దు పెట్టారు. మన ల్యాప్‌టాప్‌లో ఎంత ర్యామ్ ఉన్నా ఆ హద్దు మారదు.

ఆ లెక్క ఎలా పంచుతారంటే, దాళ్వాలో (రబీ వరి; ఖరీఫ్ వరి సార్వా) నీళ్లు తక్కువైనప్పుడు కాలువకి వంతులు పెట్టినట్టే. మొత్తం ఆయకట్టుకి ఒకేసారి వదలరు, ముక్కలు చేసి ఇస్తారు. ఎర్త్ ఇంజిన్ కూడా నేలని చదరపు ముక్కలుగా, అంటే టైళ్లుగా, మామూలుగా 256 పిక్సెళ్ల పొడవు 256 పిక్సెళ్ల వెడల్పున కోసి, ఒక్కో ముక్కనీ వేర్వేరుగా లెక్కకడుతుంది. షరతు ఒక్కటే. ఒక ముక్కకి జవాబు రావాలంటే దానికి కావలసిన సరంజామా అంతా ఒకేసారి మెమరీలో పట్టాలి.

కాగితం మీద వేసి చూశాం. 256 ఇంటూ 256 అంటే 65,536 పిక్సెళ్లు. ఒక్కో విలువకి 8 బైట్లు అనుకుంటే ఒక ఫోటోలో ఒక బ్యాండుకి అర ఎంబీ. ఇది చాలా చిన్న సంఖ్య. కానీ 5 రోజులకొకటి చొప్పున ఏడాదికి 73 తేదీలు, ఒక్కో ఫోటోకి 12 బ్యాండులు. అంటే 876 పొరలు, సుమారు 440 ఎంబీ. అదీ ఒక్క ముక్కకే. రెండు కక్ష్యల దారులు ఒకదాని మీదొకటి పడే చోట తేదీలు ఇంకా పెరుగుతాయి. తమ్ముడు ఆ కాగితాన్ని టేబులు పైన గోడకి అంటించాడు. ర్యామ్ మాట మళ్లీ రాలేదు.

ఇంకో విషయం. ఈ ఎర్రరూ "పిక్సెళ్లు మరీ ఎక్కువయ్యాయి" అనే ఎర్రరూ ఒకటి కావు. డెల్టా ఆయకట్టు సుమారు 10 లక్షల ఎకరాలు, అంటే 4,000 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. 10 మీటర్ల లెక్కన 4 కోట్ల పిక్సెళ్లు. రెడ్యూస్‌రీజియన్ (ఒక ప్రాంతంలోని పిక్సెళ్లన్నీ కూడే ఆపరేషన్) మామూలుగా ఒప్పుకునేది 1 కోటి. అక్కడ మ్యాక్స్‌పిక్సెల్స్ అనే సంఖ్య పెంచితే చాలు, దాటిపోతాం. మెమరీ ఎర్రర్‌కి అలాంటి ఒక్క మీట లేదు.

మాఘమాసం

ఎర్రర్ వచ్చిన లైను దగ్గరే కూర్చుంటే ఏమీ దొరకదని తేలింది. ఎర్త్ ఇంజిన్ అడిగేదాకా పని మొదలుపెట్టదు. పైన రాసిన వంద లైన్లూ ఒక చీటీలా పోగవుతాయి. చివర్లో ప్రింట్ అనో ఎక్స్‌పోర్ట్ అనో అన్నప్పుడే చీటీ అంతా ఒక్కసారి లెక్కలోకి వెళ్తుంది. కాబట్టి ఎర్రర్ చూపించేది ఆఖరి లైనుని, బరువు పెట్టేది ఎక్కడో పై లైను. కోడ్ ఎడిటర్‌లో రన్ బటన్ పక్కన ప్రొఫైలర్‌తో నడిపే వీలు ఉంది. ఒక్క మండలం ఇచ్చి దాంతో నడిపితే ఏ ఆపరేషన్ ఎంత మెమరీ తిన్నదో వరసగా చూపించింది. అన్నిటికన్నా పైన మీడియన్, దాని వెనకే సరిహద్దు గీత కోసం పెట్టిన క్లిప్.

క్లిప్ సంగతి త్వరగానే తేలింది. తీరం వెంబడి సరిహద్దు అంటే ఉప్పుటేరు, పాయలు, మొగలు, వేల కొద్దీ వంకరలు. ఆ వంకరలన్నీ ప్రతి ఫోటోకీ, ప్రతి ముక్కకీ మళ్లీ మళ్లీ కోయమని అడుగుతున్నాం. ఫోటోల దగ్గర, ఏ ప్రాంతానివి కావాలో చెప్పే ఫిల్టర్‌బౌండ్స్‌కి ఒక మామూలు దీర్ఘచతురస్రం ఇచ్చి, మండలం గీతని చివర్న ఎకరాలు కూడేటప్పుడు మాత్రమే వాడితే సరిపోయింది.

మధ్యలో బెస్ట్ఎఫర్ట్ అనే మాటని ట్రూ చేసి చూశాం. ఎర్రర్ వెంటనే పోయింది, ఎకరాలు కూడా వచ్చాయి. ఆ సంఖ్యని మాత్రం ఎక్కడా రాసుకోవద్దని తమ్ముడికి గట్టిగా చెప్పాను. బెస్ట్ఎఫర్ట్ చేసేది పిక్సెల్ సైజు దానంతటది పెంచేయడం. 60 మీటర్లకి పెరిగిందనుకుంటే ఒక్క పిక్సెలే 3,600 చదరపు మీటర్లు. ఎకరం చెరువు 4,047. చెరువూ, దాని గట్టూ, పక్క చేనూ అన్నీ ఒకే పిక్సెల్లో కలిసిపోతాయి. మేం ఎవరి కోసం ఈ మ్యాపు తీస్తున్నామో, ఆ మధ్యలో మిగిలిన ఎకరం, ఎకరంన్నర వరి చేలు అందులో కనపడకుండా పోతాయి. ఎర్రర్ రాకుండా తప్పు జవాబు రావడం కన్నా ఎర్రర్ రావడమే నయం అని నా గట్టి అభిప్రాయం.

టైల్‌స్కేల్ వేరు. దానికి 2, 4, 8, చివరికి 16 దాకా ఇవ్వొచ్చు. ఎంత పెంచితే ముక్కలు అంత చిన్నవవుతాయి, ఒక్కోదానికి మెమరీ తగ్గుతుంది, బదులుగా టైము పెరుగుతుంది. జవాబు మాత్రం చెడదు. అయితే ఇది రెడ్యూస్‌రీజియన్ లాంటి చోట్లే ఉంటుంది. ఫోటోల వరసని ఒక్కటిగా కుదించే చోట ప్యారలల్‌స్కేల్ అనే ఇంకో మాట ఉంది. రెండూ 4 చేసి నడిపాం. మెమరీ ఎర్రర్ పోయి "కంప్యుటేషన్ టైమ్డ్ అవుట్" వచ్చింది. తెర ముందు కూర్చుని అడిగే లెక్కకి 5 నిమిషాలే గడువు.

శివరాత్రి దాటాక

మీడియన్ ఎందుకంత బరువో ఆలోచిస్తే దారి కొంత తెరుచుకుంది. 73 విలువల్లో నడిమిది ఏదో చెప్పాలంటే 73నీ చేతిలో పట్టుకునే ఉండాలి. కూడికకి ఆ అవసరం లేదు. ఒక ఫోటో చూసి కలుపుకుని దాన్ని వదిలేయొచ్చు, చేతిలో మిగిలేది మొత్తమూ, ఎన్ని కలిపామన్న లెక్కా, రెండే.

అందుకని క్రమం తిరగేశాం. ఫోటోలన్నీ కలిపాక నీళ్లు తేల్చడం మానేసి, ప్రతి ఫోటోలోనూ ముందే తేల్చేశాం. నీళ్లుంటే 1, లేకపోతే 0, మబ్బు ఉంటే లెక్కలో లేదు. తర్వాత 1లు కూడి, మబ్బులేని రోజుల సంఖ్యతో భాగించడమే. పెద్ద దశాంశ సంఖ్యల పొరల బదులు చిన్న బైటు పొర ఒక్కటి.

12 బ్యాండులూ అక్కర్లేదని కూడా అప్పుడే తెలిసింది. నీళ్లు గుర్తుపట్టడానికి ఎక్కువమంది ఆకుపచ్చ బ్యాండునీ, నియర్ ఇన్‌ఫ్రారెడ్‌నీ వాడతారు. నదికీ కాలువకీ అది బాగానే ఉంటుంది. మన చేపల చెరువులు వేరు. మేత, ఎరువు పడి నీళ్లు పచ్చగా తిరుగుతాయి, ఆ పచ్చదనం నియర్ ఇన్‌ఫ్రారెడ్‌లో మెరిసి చెరువుని చేనులా చూపిస్తుంది. దాని బదులు షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్, అంటే బీ11 వాడితే పచ్చ చెరువు కూడా నీళ్లుగానే నిలబడింది. ఆ బ్యాండు 20 మీటర్లది. ఎకరానికి 10 పిక్సెళ్లే వస్తాయి. గట్ల దగ్గర కొంత కచ్చితత్వం పోతుందన్నది నిజం. పచ్చ చెరువుని వరి అని రాయడం కన్నా అది మేలనిపించి ఆరు మండలాలకీ 20 మీటర్లే ఖాయం చేశాం. బీ3 (ఆకుపచ్చ), బీ11, మబ్బుల వర్గీకరణ పొర, ఈ మూడే. ఫోటోలు పిలిచిన మొదటి లైన్లోనే సెలెక్ట్ పెట్టి మిగతావి వదిలేశాం.

ఇప్పుడు నాలుగు మండలాలు తెర మీదే వచ్చేశాయి. కానీ మ్యాపు చూస్తే నచ్చలేదు. మొగల్తూరు వైపు నాకు స్వయంగా తెలిసిన వరి చేలు సగం ఏడాది చెరువుల్లా కనిపిస్తున్నాయి.

ఉగాదికి ముందు

మా బాబాయ్ కాలువ మీద లస్కరుగా చేసి రిటైరయ్యారు. మ్యాపు ఆయన ముందు పెట్టాను. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"ఇది ఏ నెలదిరా అబ్బాయ్?"

"ఏడాది మొత్తందండి బాబాయ్. అన్నీ కలిపి తీశాను."

"ఏడాదంతా కలిపితే ఎలా తేలుద్దిరా? సార్వా ఊడ్పులప్పుడు చేనూ నీళ్లే, చెరువూ నీళ్లే. దాళ్వా దమ్ములప్పుడూ అంతే. చేలో నీళ్లు లేని రోజులు చూడు. మార్చిలో పైరు కమ్మేసి ఉంటది, నీళ్లు పైకి కనపడవు. మే నెల్లో కాలువలు కట్టేస్తాం, చేలు బీటలు తీస్తయ్. అప్పుడు ఎక్కడ నీళ్లున్నాయో అదే చెరువు."

నేనింత కాలం మెమరీ గురించి వెతికిన జవాబు ఆయన కాలువల గురించి చెప్పిన మాటల్లో ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ డెల్టాలో ఏ నెల ఏ చేలో నీళ్లుంటాయన్నది కాలువలే నిర్ణయిస్తున్నాయి. ఏడాదిలో మిగతా నెలల ఫోటోలు వరినీ చెరువునీ విడదీయడంలో సాయం చేయకపోగా రెంటినీ కలిపేస్తున్నాయి. జులై, ఆగస్టుల్లో మబ్బులు సరేసరి. మబ్బుల్లోంచి చూడగల సెంటినెల్-1 రాడార్ ఉంది కదా అని తమ్ముడు అడిగాడు. ఉంది, కానీ ఊడ్పుల వేళ రాడార్‌కి కూడా చేను నీళ్లలాగే కనపడుతుంది.

కాబట్టి రెండు కిటికీలు చాలు. ఫిబ్రవరి ఆఖరు నుంచి మార్చి నెలాఖరు దాకా ఒకటి, మే నెల ఒకటి. రెండు కాలాల్లోనూ మన ఆకాశం చాలావరకు తేటగా ఉంటుంది. రెండు ఎందుకంటే, రొయ్యల చెరువుని పట్టుబడి అయ్యాక ఎండబెట్టి సున్నం చల్లి కొన్నాళ్లు ఖాళీగా ఉంచుతారు. ఒక్క మే మాత్రమే చూస్తే ఆ చెరువు మనకి తప్పిపోతుంది. మార్చిలో గానీ మేలో గానీ నీళ్లు నిలకడగా ఉన్నది చెరువు. రెండింట్లోనూ లేనిది చేను, తోట, ఊరు.

గోడ మీది కాగితంలో లెక్క మార్చాం. రెండు కిటికీలు కలిపి 14 తేదీల దాకా, మూడు పొరలు. 42 పొరలు, ఒక ముక్కకి సుమారు 21 ఎంబీ. 440 ఎక్కడ, 21 ఎక్కడ. ఆరు మండలాలూ టైల్‌స్కేల్ పెంచకుండానే నడిచాయి. మొగల్తూరు చేలు చేలలాగే వచ్చాయి.

ఏప్రిల్

మొత్తం డెల్టాకి విస్తరించే పని. ఇక్కడ తెర ముందు నడపాలని చూడడం అనవసరం. ఎక్స్‌పోర్ట్‌గా పంపిస్తే పని వేరే వరసలో, 10 రోజుల దాకా గడువుతో నడుస్తుంది. గడువు ఎక్కువ కదా అని అంతా ఒకే చీటీలో కుక్కితే అక్కడా "ఎగ్జిక్యూషన్ ఫెయిల్డ్, అవుట్ ఆఫ్ మెమరీ" అని వస్తుంది. దాన్ని మెట్లుగా విడగొట్టాం. మార్చి కిటికీ పొర సర్వర్లోనే ఒక ఫైలులా, అంటే ఒక అసెట్‌గా దాచాం, మే కిటికీ పొర ఇంకొకటి. తర్వాతి స్క్రిప్టు ఆ రెండు పొరల్నే చదువుతుంది, ఫోటోల జోలికి వెళ్లదు. దాచేటప్పుడు ఒక జాగ్రత్త: వర్గాల పొరకి పిరమిడింగ్ పాలసీ (దూరపు చూపుకి పిక్సెళ్లు కుదించే పద్ధతి) మోడ్, అంటే ఎక్కువసార్లు వచ్చిన విలువ, అని ఇవ్వాలి. ఇవ్వకపోతే సగటు కట్టేస్తుంది. 1 వరి, 3 చెరువు అయితే దూరం నుంచి చూసినప్పుడు మధ్యలో లేని 2 పుట్టుకొస్తుంది.

చిల్లర పిక్సెళ్లు ఏరేయడం దగ్గర మెమరీ మళ్లీ ఇబ్బంది పెట్టింది. ఒంటరిగా ఒకటి రెండు పిక్సెళ్లు నీళ్లని కనిపిస్తే అది చెరువు కాదు, చాలావరకు నీడో బోదో. కనెక్టెడ్‌పిక్సెల్‌కౌంట్ అనేది కలిసి ఉన్న పిక్సెళ్లని లెక్కపెడుతుంది. దానికి గరిష్ఠంగా 1,024 ఇవ్వొచ్చు, 20 మీటర్ల లెక్కన అది సుమారు 101 ఎకరాలు. అంత దూరం చుట్టూ చూడాలంటే ప్రతి ముక్కా పక్క ముక్కల్ని కూడా మెమరీలోకి లాక్కోవాలి. మాకు చెరువు విస్తీర్ణం అక్కర్లేదు, అది చిల్లరా కాదా అని తేలితే చాలు. 8 దాకా లెక్కపెట్టి ఆపమన్నాం. పని సాఫీగా జరిగింది. ఈ లెక్క తెర మీద జూమ్‌ని బట్టి మారుతుందని కూడా గమనించాం, అందుకే కంటితో చూసి కాదు, స్కేల్ 20 అని రాసి ఎక్స్‌పోర్ట్ చేసిన దాన్నే నమ్ముతున్నాం.

చెరువుల్ని గీతలుగా మార్చడం మాత్రం డెల్టా మొత్తానికి ఒకేసారి కుదరలేదు. మండలానికో పని చొప్పున లూప్‌లో పంపిస్తున్నాం. ఒకటి పడిపోయినా మిగతావి ఆగవు, పడిపోయిన దాన్నే మళ్లీ పంపొచ్చు.

కాలువలు కట్టేశాక

బండేసుకుని తిరిగాం. భీమవరం నుంచి యనమదుర్రు డ్రెయిన్ వెంబడి కొంత, నరసాపురం నుంచి మొగల్తూరు దాకా కొంత. ఫోనులో మ్యాపు, గట్టు మీద మనం. ఎక్కువ చోట్ల సరిపోయింది. సరిపోనివి రెండు రకాలు. ఒకటి, చెరువుగా తవ్వి వదిలేసి, గడ్డి మొలిచి రెండు కిటికీల్లోనూ ఎండిపోయినవి. అవి చేలుగా వచ్చాయి, కానీ మళ్లీ చేలు కావడం కష్టం. వాటికి గత రెండు మూడేళ్ల పొరలు కూడా కలిపి చూడాలి. ఇప్పుడు ఏడాదికి రెండు చిన్న పొరలే కాబట్టి ఆ భారం మోయగలం. రెండోది, ఉప్పుటేరు దగ్గర పోటుకి మునిగే పల్లపు నేల. దాన్ని విడిగా పేరు పెట్టి పక్కన ఉంచుతున్నాం.

ఒక గట్టు మీద ఒక పెద్దాయన మా ఫోనులోకి తొంగి చూసి, "నా చేను ఏదండీ ఇందులో?" అని అడిగారు. చూపించాం. నాలుగు వైపులా నీలం, మధ్యలో ఆయన ఎకరంన్నర. "ఇది ప్రింటు తీసి ఇస్తారాండీ? ఆయ్, నేను డబ్బులిస్తానండి" అన్నారు. డబ్బులొద్దని చెప్పి పేరు రాసుకున్నాం. ముందు ఆ మండలం షీట్లే తీస్తున్నాం, ఏడాది ఏడాదికీ పక్కపక్కన వచ్చేలా.

ఇక వెనక్కి వెళ్లాలి. 2011 సార్వాకి కోనసీమ రైతులు క్రాప్ హాలిడే పాటించారు, అంటే పంట వేయకుండా వదిలేశారు. అప్పటి నేల ఎలా ఉందో తెలియాలంటే సెంటినెల్-2 పనికిరాదు, అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ కావాలి. 30 మీటర్ల పిక్సెల్, 16 రోజులకొకసారి. ల్యాండ్‌శాట్-5 ఫోటోలు 2011 నవంబరుతో ఆగిపోయాయి, ల్యాండ్‌శాట్-7 ఫోటోల్లో 2003 నుంచీ చారలు, ల్యాండ్‌శాట్-8 పైకి వెళ్లింది 2013లో. ఈ కిటికీల్లో తేదీలే తక్కువ కాబట్టి మెమరీకి టెన్షన్ ఉండదు, ఫోటోలు సరిపోతాయా అన్నదే చూడాలి. 2011 మార్చికీ, మేకీ మబ్బులేని ల్యాండ్‌శాట్-5 ఫోటోలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే చిన్న స్క్రిప్టు తమ్ముడు రాస్తున్నాడు. అది అమలాపురం చుట్టూ నడిపి చూశాక మిగతా మండలాల సంగతి.